తలదిక్కు రాయి

నాలుగో మేకు కూడా వంగిపోయింది. శివకుమార్ సుత్తి పక్కన పడేసి వాకిట్లోనే చతికిలబడ్డాడు. కోస్గిలో ఆ వీధి వాకిళ్లన్నీ మొరం పోసి తొక్కించినవి. అందులో ఆ సన్నటి మేకులు ఎక్కడ దిగుతాయి? ఫోన్‌లో చూసిన వీడియోలో మాత్రం ఒక దొర, ఆయన పెళ్లాం, ఇద్దరు పిల్లలు కలిసి ఏడు నిమిషాల్లో టెంటు లేపి, ముందర కుర్చీలు వేసుకుని టీ తాగేశారు. శివకుమార్ మొదలుపెట్టి గంట దాటింది. కరెంటు స్తంభం చకచకా ఎక్కిపోయే లైన్‌మన్, నేల మీద గుడ్డ నిలబెట్టలేక చెమటలు కక్కుతున్నాడు.

ప్రణీత ఇన్‌స్ట్రక్షన్ కాగితం పట్టుకుని, "డాడీ, బొమ్మల గిట్ల లేదు" అంటోంది. దానికి ఏడేళ్లు. దాని తమ్ముడు చిన్నోడికి నాలుగు. వాడు అప్పటికే ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్న టెంటులో దూరి, బయటికి రాలేక ఏడుస్తున్నాడు.

దసరా సెలవుల్లో సొంత కారులో నేపాల్ పోయి, దారి పొడుగునా టెంట్లు వేసుకుని పడుకోవాలన్నది మొగుడూ పెళ్లాల ఆలోచన. మంజులత బడి పంతులమ్మ. ఏ పనైనా కాగితం మీద పెట్టనిదే మొదలుపెట్టదు. మొదటి రోజు నాగపూర్ దాటాలని, మూడో రోజు సరిహద్దు చేరాలని రాసుకుంది. పిల్లల జ్వరం మందులు, దోమల మందు, చిన్న గ్యాస్ పొయ్యి, చిన్నోడికి రెండు జతల స్వెట్టర్లు కూడా రాసుకుంది. శనివారం పెత్రమాస, పోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చే అమావాస్య. అది వెళ్లాక సోమవారం తెల్లవారుజామున ప్రయాణం.

శివకుమార్ తల్లి అండాలు గద్దె మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. దారిలో పులిహోరకు. పొద్దుటి నుంచి ఆ టెంటునే చూస్తోంది గాని నోరు విప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. చివరికి ఉండబట్టలేకపోయింది.

"ఎత్తు దిక్కు తలుపు పెట్టినవ్ బిడ్డా. వానొస్తె నీళ్లన్నీ లోపటికే వస్తయ్."

"నీకెట్ల తెల్సమ్మా?"

ఆమె జవాబు చెప్పకుండా లేచి వచ్చి, టెంటును చుట్టూ తిరిగి చూసింది. గుడ్డను వేళ్ల మధ్య నలిపింది. విల్లులా వంగిన కమ్మీలను తట్టింది. లోపలికి వంగి పైకి చూసింది.

"నడిమి గుంజ లేదేందిరా? తొట్టె దేనికి కడ్తరు?"

ప్రణీత పడీపడీ నవ్వింది. "అవ్వా, తమ్ముడు పెద్దగైండు. తొట్టెల పడుకోడు!"

అండాలు కూడా నవ్వింది. నవ్వి, పక్కకు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. డబ్బిచ్చి డేరాలో పడుకునే కాలం కూడా వచ్చింది. వీళ్లు సరదాకు వేసుకుంటున్న ఇట్లాంటి గుడ్డ కిందే ఆమె ఏడేళ్లు కాపురం చేసింది. కాలువ పనికి, కట్ట పనికి, సొరంగం పనికి మేస్త్రి ఎటు తోలితే అటు పోయింది.

మేకులు దిగవని తేలాక శివకుమార్ బరువు పెట్టడానికి రాళ్లు వెతికాడు. ప్రహరీ మూలన గన్నేరు చెట్టు కింద నల్లటి రాయి ఒకటి కనిపించింది. చిన్న గుమ్మడికాయంత ఉంటుంది. వంగి రెండు చేతులూ వేశాడో లేదో, అండాలు అరిచింది.

"గది ముట్టకు!"

ఆ కేకకు చిన్నోడి ఏడుపు కూడా ఆగిపోయింది. మంజులత వంటింట్లోంచి బయటికి వచ్చింది. శివకుమార్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఏటా పెత్రమాస నాడు తల్లి ఆ రాయికి పాలు పోయడం అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఏ మైసమ్మో పోచమ్మో అనుకున్నాడు గాని ఎన్నడూ అడగలేదు.

"అది మీ అన్నది" అంది అండాలు.

తనకన్నా ముందు ఒక పిల్లవాడు పుట్టి పోయాడని శివకుమార్‌కు తెలుసు. యాదగిరి అని పేరు పెట్టారని కూడా తెలుసు. ఎక్కడ పోయాడో తెలియదు.

"నేపాల్‌ల కాలువ పని మీదున్నప్పుడు జరమొచ్చింది. ఏడాదిన్నరోడు. మూడు దినాలల్ల పోయిండు. గాన్నే ఏటి ఒడ్డున మద్దిచెట్టు కింద మట్టి చేసిండు మీ బాపు. తల దక్షిణం దిక్కు పెట్టి, తలదిక్కు నల్లరాయి పాతిండు. నేను సూడలే. ఆడోళ్లను తీస్కపోరు గద. అందుకే గసొంటి రాయే ఒకటి ఈడ పెట్టుకున్న."

అండాలు చింతపండు పళ్లెం తీసుకుని మళ్లీ గద్దె మీద కూర్చుంది. రెండు గింజలు తీసి, తలెత్తకుండానే అడిగింది.

"మీరు పోయేది గా నేపాలేనా బిడ్డా?"

"ఔనమ్మా."

"అయితె నేను గూడ వస్త. మీ బాపును గూడ తీస్కపోదాం. జాగా ఆయనకే తెల్సు."

పక్క ఊరికి పెళ్లికి రమ్మంటే బర్రెకు గడ్డి ఎవరు వేస్తారని సాకు చెప్పే మనిషి అండాలు. మంజులత మొగుడి ముఖం చూసింది, తర్వాత అత్త ముఖం చూసింది. చూసి తన కాగితం తెచ్చి, సామాన్లలో మూడు కొట్టేసింది.

"వెనక సీట్లు మడిచి సామాను పెడ్దామనుకున్నం. గిప్పుడు సామాను పైన కడ్దాం అత్తమ్మా. మీ ఓటు కార్డు ఏడ పెట్టిండ్రో జర ఎతకండ్రి, సరిహద్దు కాడ అడుగుతరంట."

శివకుమార్ తండ్రి సాయిలు పొద్దుగూకే వేళకు చేను నుంచి వచ్చాడు. అంగీ నిండా పత్తి పోగులు అంటుకుని ఉన్నాయి. కొడుకు సంగతంతా చెప్తే కాళ్లు కడుక్కుంటూ విన్నాడు. చెంబులో నీళ్లు అయిపోయినా చేయి ఇంకా కాళ్లు రుద్దుతూనే ఉంది.

"నేనెట్లొస్త? పత్తి పగిలింది. ఏరేదెవ్వరు?"

"కూలోళ్లను పెడ్దాం బాపూ."

"మోకాళ్లు నొప్పులు. గంత దూరం కూసోలేను."

"నడుమ నడుమ ఆపుకుంట పోదాం."

"పోయినోడు పోయిండు. గిప్పుడేమున్నది గాడ?" అని తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

అండాలుకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో ఆమె ఆయన్ను ఒక చీర అడగలేదు, ఒక సినిమా అడగలేదు. అడగక అడగక అడిగితే పత్తి పేరు చెప్తున్నాడు. "నువ్వు రాకుంటె రాకు. జాగా ఏడనో పిల్లగానికి చెప్పు, వాడే తీస్కపోతడు" అని ఆ పూట కూరలో కారం ఒక చెంచా ఎక్కువే వేసింది.

శుక్రవారం పొద్దున శివకుమార్ ఫోన్‌లో పైనుంచి తీసిన మ్యాపు పెట్టి తండ్రి పక్కన కూర్చున్నాడు. కాలువ దొరికింది. దాని పక్కన తెల్లటి ఇసుకతో ఏరు కూడా దొరికింది. సాయిలు ఆ తెరను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఏ ఒడ్డు బాపూ?"

"ఎడమ. కాదు... కుడి దిక్కు."

"చెట్టు గిక్కడ్నేనా? ఈడ చెట్లు మస్తున్నయ్."

"మామిడిచెట్టు. పెద్దది."

చింతపండు పిసుకుతున్న అండాలు చేయి ఆగింది. "మద్దిచెట్టన్నవ్ గద?"

"మద్దే. మద్దే" అన్నాడు సాయిలు. ఫోన్ కొడుకు చేతిలో పెట్టి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా చేనుకు పోయాడు.

అరవై దాటిన మనిషి, మతిమరుపు సహజమే అనుకుంది అండాలు. ఆమెకు మాత్రం ఆనాటి మాటలు ఒక్కటీ పోలేదు. ఏటి ఒడ్డు, మద్దిచెట్టు, దక్షిణం తల, నల్లరాయి. ముప్పై ఆరేళ్లుగా ఆ నాలుగు మాటల మీదే బతికింది. కళ్లు మూసుకుంటే అక్కడికి నడిచి పోగలనని కూడా ఆమెకు నమ్మకం.

ఆ మధ్యాహ్నం బజారుకు పోయి బట్టల కొట్లో చిన్న అంగీ అడిగింది. ఎంత వయసు పిల్లాడికని కొట్టతను అడిగాడు.

"ఏడాదిన్నర."

"మన్మనికా అవ్వా?"

"కాదు. కొడుక్కు."

కొట్టతను హాస్యమనుకుని నవ్వాడు. అండాలు నవ్వలేదు. పసుపు రంగుది, జేబు మీద కోడిపిల్ల బొమ్మ ఉన్నది ఏరి తీసుకుంది. యాదగిరి బతికున్నప్పుడు మేస్త్రి షెడ్డు వెనక కోళ్ల వెంట పడేవాడు.

పెత్రమాస నాడు బియ్యం ఇచ్చి వచ్చాక, అండాలు గిన్నెలో పాలు తీసుకుని గన్నేరు చెట్టు కిందికి పోయింది. రాయిని కడిగింది. బొట్టు పెట్టింది. అంగీని మడతపెట్టి రాయి ముందర ఉంచింది. అది ఇక్కడ పెట్టడానికి కాదు, వాడికి చూపించడానికి. ఇగో, తెస్తున్న అని చెప్పడానికి.

సాయిలు గద్దె మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు. కొడుకూ కోడలూ పిల్లల్ని తీసుకుని టైర్లలో గాలి కొట్టించడానికి పోయారు. అండాలు ప్రణీత డ్రాయింగ్ పుస్తకం, పెన్సిల్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నువ్వెట్లాగు రానంటున్నవ్. పిల్లగాడు ఎట్ల ఎతుక్కుంటడు? గియ్యి, దీని మీద."

సాయిలు పెన్సిల్ పట్టుకున్నాడు. పారలు, గడ్డపారలు పట్టిన వేళ్లలో అది చీపురుపుల్లంత లేదు. మొదట కాలువ గీశాడు. తర్వాత డేరాలు గీశాడు. పదకొండు. ఒక్కో డేరా ముందు చిన్న సున్నా పెట్టి పొయ్యి అన్నాడు. మేస్త్రి రేకుల షెడ్డు, కంకర, ఇసుక వేసి మాల్ కలిపే మిల్లరు, సిమెంటు బస్తాల కొట్టం, నీళ్ల ట్యాంకరు ఆగే చోటు గీశాడు. ఇది మన ఊరి లచ్చన్న డేరా అన్నాడు, ఇది మనది అన్నాడు. ఏదీ మర్చిపోలేదు. అండాలు వంగి చూస్తోంది. ఆయన కాగితం కింద ఏరు గీశాడు. పెన్సిల్ ఏటి ఒడ్డున ఆగింది.

"ఆ, గాడ. చెట్టు గియ్యి."

పెన్సిల్ కదల్లేదు.

"గియ్యవేంది?"

"నేను పోలే" అన్నాడు సాయిలు.

"ఏడికి?"

"పూడ్సనీకి."

అండాలుకు అర్థం కాలేదు. ఆయన కాగితం వైపే చూస్తూ, ఒక్కో మాట పెట్టి చెప్పాడు.

"ఆనాడు మాల్ వేస్తుండ్రి. నేనూ లచ్చన్న తమ్ముడూ జోడి. జోడి తప్పితె గుంపు మొత్తం హాజరి కొట్టేస్త, కూలి ఇయ్య అన్నడు మేస్త్రి. సచ్చింది పసిపోరడు గద, గంటల అయిపోయే పనికి దినమంత ఎందుకన్నడు. పదకొండు డేరాలోళ్లు నా మొకమే సూస్తుండ్రి. లచ్చన్న అన్నడు, నేను తీస్కపోత, నువ్వు పనికి పో అని. నీ చీర పేలికల చుట్టి, ఆయన చేతులల్ల పెట్టిన. పెట్టి మిల్లరు కాడికి పోయిన."

"మరి చెట్టు?"

"నేనే చెప్పిన."

"రాయి?"

"గదీ నేనే. నువ్వు ఏడ పెట్టినవ్, ఏడ పెట్టినవ్ అని ఊకె అడుగుతుంటివి. ఏమన్న చెప్పాలె గద."

"లచ్చన్నను అడగలేదా?"

"అడగలే." ఆయన పెన్సిల్ కింద పెట్టాడు. "ఒక్క ఊర్ల ఉంటిమి. దినాం కలుస్తుంటిమి. కరోనాల ఆయన పోయేదాంక అడగలే. కట్టకు మన్ను పోస్తుండ్రి గద అప్పుడు. ఏట్ల పెట్టిండో, గా కట్టమన్నులనే పెట్టిండో. అడిగితె చెప్తడని బయం."

అండాలు లేచి నిలబడింది. గన్నేరు చెట్టు కింద రాయి మీద పాలు ఇంకా ఆరలేదు. చీమలు పట్టాయి.

"ముప్పై ఆరేండ్లు ఉట్టి రాయికి పాలు పోసిన్నా?"

ఆమెకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, ఆ పండుగ పూట ఆయనకు కంచంలో అన్నం పెట్టి, నీళ్ల చెంబు పెట్టకుండా పోయింది. పెళ్లయిన నాటి నుంచి అట్లా ఎన్నడూ చేయలేదు. అన్నం గొంతులో పట్టుకుంటే ఆయనే లేచి వెళ్లి కుండలో ముంచుకుని తాగాడు.

ఆదివారం పొద్దున బండిలో సర్దిన తన సంచిని అండాలు తీసి లోపల పెట్టింది.

"నేను రాను. మీరు పోయి రాండ్రి."

"ఏమైందమ్మా? పైన క్యారియర్ కట్టించినం, ఒక టెంటు తీసేసినం నీ కోసమని..." శివకుమార్‌కు విసుగొచ్చింది. తల్లి చెప్పదు. తండ్రి చేనుకు పోయాడు. ఇద్దరి మధ్య ఏదో అయిందని మంజులతకు అర్థమైంది. "ఫికర్ చెయ్యకుండ్రి. జర ఆగుదాం" అని మొగుణ్ని పక్కకు తీసుకుపోయింది.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఇటుకల బరువుతో నిలబెట్టిన టెంటు ఇంకా వాకిట్లోనే ఉంది. పిల్లలు దాన్ని విప్పనివ్వలేదు. ప్రణీత బొమ్మలకు అన్నం వండుతోంది. చిన్నోడు, "అవ్వా, మా నేపాల్‌ల కూసో" అని చేయి పట్టి గుంజితే అండాలు లోపలికి దూరింది. కొత్త ప్లాస్టిక్ వాసన. గోడల్లోంచి పచ్చటి వెలుతురు. వాడు కాసేపు గెంతి గెంతి, ఆమె ఒడిలోనే నిద్రపోయాడు. పిల్లవాడి తల బరువు మోకాలి మీద. అదే బరువు. డేరాలో కూర్చున్న అండాలుకు ఏడుపు ఆగలేదు. ప్రణీత చూసి ఏమీ అడగకుండా బొమ్మల పళ్లెం ఒకటి తెచ్చి ముందు పెట్టింది.

బయట పార చప్పుడైంది. జాలీ కిటికీలోంచి చూస్తే సాయిలు. చేను నుంచి ఎప్పుడొచ్చాడో, టెంటు చుట్టూ చిన్న కాలువ తీస్తున్నాడు. మొరాన్ని ముందు గడ్డపారతో పొడిచి, తర్వాత పారతో ఎత్తి, వాలు ఎటుందో చూసుకుని నీళ్ల దారిని వీధి మోరీ వైపు తిప్పుతున్నాడు. మోకాళ్లు నొప్పులన్న మనిషి. ఎక్కడికి పోయినా దిగీదిగగానే డేరా చుట్టూ ఆయన అట్లాగే తవ్వేవాడు. వంచిన నడుము, మోచేతుల దాకా మట్టి.

మోచేతుల దాకా.

అండాలు ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. ఆనాడు పొద్దుగూకి ఆయన డేరాకు వచ్చినప్పుడు కూడా చేతులు ఇట్లాగే ఉన్నాయి. మట్టి కాదు, సిమెంటు. మోచేతుల దాకా తెల్లగా ఎండి పగుళ్లిచ్చిన సిమెంటు. బట్టలు పొడిగా ఉన్నాయి. మట్టి చేసి వచ్చినవాళ్లు స్నానం చేసి తడిబట్టలతో వస్తారు. చిన్న పిల్లకైనా ఆ సంగతి తెలుసు. ఆమెకు తెలియదా?

ఆమె చూసింది. ఆ చేతుల్ని ఆనాడే చూసింది. చూసి, ఏడ పెట్టినవ్ అని అడిగింది గాని, నువ్వే పెట్టినవా అని అడగలేదు. ఆయన లచ్చన్నను అడగనట్టే ఆమె ఆయన్ను అడగలేదు. ఆయన చెట్టు చెప్పాడు, ఆమె చెట్టు నమ్మింది. రాయి చెప్పాడు, ఆమె రాయి తెచ్చుకుంది.

వాన పడింది. టెంటులోకి ఒక్క చుక్క రాలేదు. నీళ్లన్నీ సాయిలు తవ్విన కాలువలోంచి మోరీలోకి పోయాయి. ఆయన చూరు కింద తడిసి నిలబడ్డాడు. అండాలు టెంటులోంచి చేయి బయటికి పెట్టి, పక్కనున్న పొడి తువ్వాల అందించింది.

సోమవారం తెల్లవారకముందే బండి బయటికి తీశారు. టెంటు విప్పి పైన కట్టారు. పిల్లలు నిద్రమొహాలతో వెనక కూర్చున్నారు. శివకుమార్ తాళ్లు చూసుకుంటుంటే గన్నేరు చెట్టు దగ్గర గడ్డపార చప్పుడైంది. అండాలు. చీర కుచ్చిళ్లు దోపుకుని నల్లరాయి చుట్టూ మట్టి పెళ్లగిస్తోంది. సంచీ అప్పటికే బండి పక్కన ఉంది.

సాయిలు గద్దె మీంచి లేచి వచ్చాడు.

"గది ఎందుకు తీస్తున్నవ్?"

"గాడ రాయి లేదన్నవ్ గద." ఆమె గడ్డపార పక్కన పెట్టింది. "తీస్కపోయి పెడ్దాం."

"ఏడని పెడ్తం? జాగా తెల్వకపాయె."

"నీకూ తెల్వదు, నాకూ తెల్వదు. ఇద్దరం ఎతుకుదాం. గా ఏటి ఒడ్డున ఏడ మనసొప్పితె ఆడ పెడ్దాం. ఈసారి నేను గూడ సూస్త."

"నేనొస్తె పత్తి..."

"పక్కింటి నాగరాణికి చెప్పిన, ఏరిపిస్తది. నడువు."

సాయిలు బండి వైపు చూశాడు, రాయి వైపు చూశాడు. అండాలు పక్కకు జరిగి నిలబడింది.

"నువ్వే ఎత్తుకో" అంది. "ఆనాడు ఎత్తుకోలే గద."

ఆయన వంగాడు. మోకాళ్లు పట్టేశాయి. అయినా నేల మీద కూర్చుని, రాయిని రెండు చేతులతో ఒడిలోకి తీసుకున్నాడు. అంటుకున్న తడిమట్టిని అరచేత్తో తుడిచాడు. అండాలు పసుపు అంగీ తెచ్చి దాని మీద కప్పింది. ఆయన రాయిని ఛాతీకి ఆనించుకుని లేచాడు. శివకుమార్ సాయానికి అడుగు ముందుకేస్తే మంజులత చేయి పట్టి ఆపింది. ఆపి, వెనక సీటు మీది గిన్నెల పెట్టె తీసి కింద కాళ్ల దగ్గర పెట్టింది.

గన్నేరు చెట్టు నుంచి బండి దాకా ఇరవై అడుగులు ఉండవు. నాలుగు అడుగులు వేసి సాయిలు ఆగాడు. తల పక్కకు తిప్పబోయాడు.

"ఎనుకకు సూడకు" అంది అండాలు.

ఆయన చూడలేదు. రాయిని ఎత్తుకుని మెల్లగా నడిచాడు. ఆడవాళ్లు వెంట పోకూడదన్న మాట ఆమెకు గుర్తుంది. గుర్తున్నా, ఆయన వెనకాలే నడిచింది.